మేనేజర్ మనసులో మనం ఎవరం?

“మనుషుల్ని నమ్మితే పని జరగదయ్యా. వెనకాల నిలబడితేనే జరుగుతుంది!”

రిఫాలో ఏ కంపెనీ ఆఫీసులో కూర్చున్నా వారానికి ఒక్కసారైనా ఈ మాట చెవినపడుతుంది. మలయాళంలో పడుతుంది, హిందీలో పడుతుంది, అరబ్బీలో పడుతుంది. సూపర్‌వైజర్ మనవాడైతే శుభ్రమైన తెలుగులోనే పడుతుంది. అదే రోజు సాయంత్రం లేబర్ క్యాంపుకి వెళ్లండి. పొయ్యి దగ్గర కూర తిప్పుతూ ఒకాయన అంటుంటాడు... “ఎంత చేసినా వాడి కంటికి ఆనదు అన్నా. మనకెందుకు? ఖల్లీవల్లీ!”

ఈ రెండు మాటల్లో ఏది ముందు పుట్టింది? ఏది దేన్ని కన్నది?

చాలా ఏళ్లుగా నా పని హాజరు పట్టీ, ఓవర్‌టైం షీటు, లీవు ఫారాలు. ఆఫీసు గుమాస్తా అంటే అటు ముదీర్ గదికీ ఇటు క్యాంపు బస్సుకీ మధ్య ఉండేవాడు. ముదీర్ చాయ్ తాగుతూ లేబర్ గురించి ఏమంటాడో మాకు తెలుసు. బస్సెక్కుతూ లేబర్ ముదీర్‌ని ఏమంటారో కూడా తెలుసు. రెండు చోట్లా నోరు మూసుకుని ఉండటమే మా ఉద్యోగం. ఇక్కడ మాత్రం కాస్త నోరు విప్పుతాను.

ఒకే క్యాంపు, ఒకే జీతం... పని మాత్రం వేరు

నేను ఇదివరకు పనిచేసిన కంపెనీకి ఏసీల మెయింటెనెన్స్ కాంట్రాక్టులు ఉండేవి. రెండు గ్యాంగులు, ఇద్దరు సూపర్‌వైజర్లు. వెస్ట్ రిఫా విల్లాలు ఒకరివి, ఈస్ట్ రిఫా ఫ్లాట్లు ఇంకొకరివి. మనుషులంతా ఒకే క్యాంపులో పడుకునేవాళ్లు. జగిత్యాల, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల వాళ్లు, కొందరు బిహారీలు, కొందరు బంగ్లావాళ్లు. జీతాల్లో తేడా లేదు.

మొదటి సూపర్‌వైజర్‌ది తాళాల సిద్ధాంతం. స్టోరు తాళం ఆయన జేబులోనే. టేపు చుట్ట కావాలంటే అయిపోయిన చుట్ట తెచ్చి చూపించాలి. పాత ఫిల్టర్ ఇస్తేనే కొత్త ఫిల్టర్. గంటకోసారి ఫోన్లో ఫొటో తీసి పంపాలి. ఏమైందంటారా? మనవాళ్లు ఫొటోలు తీయడంలో ఆరితేరారు! ఎనిమిది యూనిట్లు సర్వీసు చేయగలిగినవాళ్లు ఆరు దగ్గర ఆగిపోయేవాళ్లు. ఎందుకని ఒక కడప అన్నని అడిగితే ఆయన లెక్క ఆయన చెప్పాడు. “ఇవాళ ఎనిమిది చేస్తే రేపు తొమ్మిది అడుగుతాడు. తొమ్మిది చేస్తే మనిషిని తగ్గిస్తాడు. ఆ తగ్గేది నేనే అయితే?”

ఇందులో బద్ధకం ఎక్కడుంది చెప్పండి? అంత ముందుచూపు ఉన్నవాడిని బద్ధకస్తుడు అనగలమా?

ఇది మన గల్ఫ్ లేబర్ తెలివి మాత్రమే కాదు. అమెరికాలో షికాగో దగ్గర వెస్ట్రన్ ఎలక్ట్రిక్ కంపెనీవారి హాథోర్న్ ఫ్యాక్టరీలో 1931-32లో 14 మంది పనివాళ్లను ఒక గదిలో పెట్టి నెలల తరబడి గమనించారు. వాళ్లూ ఇదే చేశారు. రోజుకి ఇంత అని తమలో తాము ఒక లెక్క పెట్టుకున్నారు. అంతకు మించి చేసేవాణ్ని తోటివాళ్లే వెక్కిరించి, భుజం మీద ఒక్కటిచ్చి దారికి తెచ్చేవారు. ఎక్కువ చేస్తే రేటు తగ్గిస్తారనీ, కొందరిని ఇంటికి పంపుతారనీ భయం. దేశం వేరు, కాలం వేరు, భయం ఒక్కటే.

రెండో సూపర్‌వైజర్ మలయాళీ. ఆయన పద్ధతి చూస్తే మొదట్లో ఆఫీసులో అందరూ నవ్వారు. సాయంత్రం వ్యాన్ దిగగానే, “రేపు ఎన్ని అవుతాయి?” అని గ్యాంగునే అడిగేవాడు. వాళ్లు ఏడంటే ఏడు రాసుకునేవాడు. ఐదే అయితే అరిచేవాడు కాదు, ఎందుకని అడిగేవాడు. అలా అడగబట్టే రెండు వ్యాన్లకీ కలిపి ఒకటే పెద్ద నిచ్చెన ఉందనీ, దానికోసం రోజూ గంటసేపు ఎదురుచూస్తున్నారనీ బయటపడింది. ముదీర్‌తో పోట్లాడి ఇంకో నిచ్చెన కొనిపించాడు. వేసవిలో మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా ఎండలో పని నిషేధం కదా, మేడ మీది పని పొద్దున్నే పెట్టుకుని లోపలి పని ఆ తర్వాత పెట్టుకోవడం కూడా గ్యాంగు చెప్పిన ఉపాయమే. స్టోరు తాళం గోడకి మేకుకి వేలాడేది. ఏడాదిలో ఒక డ్రిల్లు మిషన్ పోయింది. ఒప్పుకోవాలి. అయితే మొదటి ఆయన స్టోరులో తాళం వేసి ఉండగానే రెండు పోయాయి!

అసలు విషయం ఇంకోటి ఉంది. మొదటి గ్యాంగులో ‘మొండిఘటం’ అని పేరుపడిన మెకానిక్‌ని మనుషులు చాలక రెండో గ్యాంగుకి మార్చారు. మూడు నెలల్లో అతనే కొత్త కుర్రాళ్లకి గ్యాస్ నింపడం నేర్పిస్తున్నాడు. హాజరు పట్టీ నా చేతిలోదే కాబట్టి చెబుతున్నా, నెలకి నాలుగైదు సిక్ లీవులు పెట్టేవాడు ఒకటికి దిగాడు. మనిషి అతనే. ఎదుటివాడు అతన్ని చూసే చూపు మారింది.

ఎక్స్ చూపు, వై చూపు

అమెరికాలో ఎంఐటీ అనే పెద్ద విద్యాసంస్థలో డగ్లస్ మెక్‌గ్రెగర్ అనే ప్రొఫెసర్ 1960లో ఒక పుస్తకం రాశాడు. మేనేజర్ల మనసులో పనివాడి గురించి రెండు రకాల నమ్మకాలు ఉంటాయన్నాడు. ఒకదానికి ఎక్స్ అనీ, రెండోదానికి వై అనీ పేరు పెట్టాడు. మనిషికి పనంటే సహజంగా పడదు, భయపెట్టాలి, కాపలా కాయాలి అనేది ఎక్స్. పని కూడా ఆటలాగే మనిషికి సహజమే, తనదనుకుంటే తనను తానే అదుపులో పెట్టుకుంటాడు, బాధ్యత అడిగి మరీ తీసుకుంటాడు అనేది వై.

ఇంతవరకూ ఎంబీఏ చదివే పిల్లలందరికీ తెలుసు. అందులో అసలు కీలకం వేరే ఉంది. ఎక్స్ చూపుతో చూసే మేనేజర్‌కి రోజూ సాక్ష్యం దొరుకుతూనే ఉంటుంది. కాపలా కాస్తాడు, కాపలా లేనప్పుడు పని ఆగిపోతుంది. ‘చూశారా, నేను చెప్పలేదూ?’ అంటాడు. తన పద్ధతి వల్ల వచ్చిన ఫలితాన్ని మనుషుల స్వభావం అనుకుంటాడు. మెక్‌గ్రెగర్ గొడవంతా దీని గురించే.

కాకినాడలో జరిగిన ప్రయోగం

మా గదిలో ఉండే మిత్రుడు డిస్టెన్స్‌లో ఎంబీఏ చదువుతున్నాడు. ఒక శుక్రవారం అతని పుస్తకం తిరగేస్తుంటే ‘కాకినాడ’ అనే పేరు కనబడి ఉలిక్కిపడ్డాను. నేను ఇంటర్ వెలగబెట్టింది ఆ ఊళ్లోనే. కాజా గురించి విన్నాను, పోర్టు గురించి విన్నాను, ఇది మాత్రం ఎవరూ చెప్పలేదు.

హార్వర్డ్ యూనివర్సిటీలో డేవిడ్ మెక్లెలాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవాడు. మనిషిని లోపల్నించి తోసే కోరికలు ముఖ్యంగా మూడన్నాడు. ఏదైనా సాధించాలనే తపన ఒకటి. నలుగురికీ దగ్గరగా ఉండాలనే ఆశ రెండోది. పదిమంది మీద తన ప్రభావం ఉండాలనే కోరిక మూడోది. అందరిలో మూడూ ఉంటాయి, పాళ్లు తేడా. మరి ఆ మొదటి తపన పుట్టుకతో రావాల్సిందేనా, పెద్దయ్యాక నేర్పొచ్చా? అది తేల్చడానికి ఆయన ఎంచుకున్న ఊళ్లలో ముఖ్యమైనది మన కాకినాడ.

1964లో మొదలుపెట్టి కాకినాడలోని 52 మంది వ్యాపారులను, చిన్న పరిశ్రమల వాళ్లను హైదరాబాద్‌లోని సియెట్ సంస్థకి బ్యాచులుగా పిలిపించి శిక్షణ ఇచ్చారు. ఇప్పుడు యూసఫ్‌గూడలో సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల జాతీయ సంస్థగా ఉన్నది అదే. శిక్షణలో ఏం చేశారో వింటే నవ్వొస్తుంది. బొమ్మ చూపించి కథ రాయమన్నారు. తర్వాత ఆ కథలో మనిషి ఏం కోరుకుంటున్నాడో వాళ్ల చేతే వెతికించారు. కొయ్యకి రింగులు వేసే ఆట ఆడించారు. ఎంత దూరంలో నిలబడాలో ఎవరిష్టం వారిది. మరీ దగ్గర నిలబడితే రింగు పడుతుంది గానీ గెలిచినట్టుండదు. మరీ దూరం నిలబడితే పడటం అదృష్టం. సాధించే తపన ఉన్నవాడు మధ్యలో, కాస్త కష్టపడితే పడేంత దూరంలో నిలబడతాడట. అలాగే వ్యాపారంలో కూడా తన గురి తానే పెట్టుకుని, ఎంతవరకు వచ్చిందో తానే లెక్క చూసుకోవడం నేర్పారు.

రెండేళ్ల తర్వాత వెళ్లి చూస్తే శిక్షణ పొందినవాళ్లలో సుమారు సగంమంది వ్యాపారంలో చురుగ్గా కొత్త అడుగులు వేస్తున్నారు. శిక్షణ లేనివాళ్లలో అలాంటివాళ్లు సుమారు పావు వంతే. పోల్చి చూడటానికి పక్కనున్న రాజమండ్రిని కూడా లెక్కలోకి తీసుకున్నారు. 1969లో డేవిడ్ వింటర్‌తో కలిసి మెక్లెలాండ్ దీన్ని పుస్తకంగా వేశాడు. కులం ఏది, పాత ఆచారాలు పాటిస్తాడా, తెల్లవాళ్ల అలవాట్లు వచ్చాయా అన్నవాటికీ ఫలితానికీ పెద్దగా ముడి కనబడలేదు. ‘మనవాళ్లింతే’ అని తీర్పు చెప్పేవాళ్లు ఈ ముక్క రెండుసార్లు చదవాలి.

వాళ్లు యజమానులు, మనం జీతగాళ్లం, మనకేంటి అంటారా? నిజమే. కాకినాడ సేఠ్ తన గురి తాను పెట్టుకుంటే లాభం తన ఇంటికే వస్తుంది. ఏసీ మెకానిక్ గురి పెట్టుకుంటే లాభం కంపెనీకి పోతుంది. అయినా మా మలయాళీ సూపర్‌వైజర్ రోజూ సాయంత్రం అడిగిన ప్రశ్న ఈ రింగుల ఆటే కదా! ‘నువ్వు ఎక్కడ నిలబడతావో నువ్వే చెప్పు’ అన్నాడు. ఆయన మెక్లెలాండ్‌ని చదివి ఉంటాడని నేననుకోను.

మనం ఎందుకొచ్చామో మేనేజర్‌కి తెలుసా?

మేనేజర్లు ఎక్కువమంది అనేమాట, “వీళ్లొచ్చింది డబ్బు కోసం. డబ్బు తప్ప ఇంకేం అక్కర్లేదు.” ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే అమెరికా పండితుడు 1959లో దీనికి ఎదురుమాట చెప్పాడు. జీతం, వసతి, కంపెనీ రూల్సు సరిగా లేకపోతే మనిషి కుములుతాడు, అవి సరిచేస్తే కుమలడం ఆగుతుంది, అంతే. పనిమీద ఇష్టం పుట్టేది మాత్రం సాధించానన్న తృప్తితో, గుర్తింపుతో, బాధ్యతతో అన్నాడు. మంచిమాటే గానీ ఆయన పరిశోధన చేసింది పిట్స్‌బర్గ్‌లో ఇంజినీర్లనీ అకౌంటెంట్లనీ అడిగి. రెండు నెలలు జీతం ఆగిన క్యాంపులో ఒక వారం ఉండి ఉంటే జీతాన్ని ఇంకాస్త పై మెట్టు మీద కూర్చోబెట్టేవాడేమో!

నా లీవు ఫైళ్లు చెప్పేది ఇంకో సంగతి. మనవాడి అవసరం ఏళ్లతో పాటు మారుతుంది. మొదటి రెండేళ్లు అప్పు. ఏజెంటుకి కట్టిన డబ్బుకి ఊళ్లో వడ్డీ పరుగెడుతుంటుంది. ఆ రెండేళ్లు ఏ పనికీ కాదనడు, ఎంత ఓవర్‌టైమైనా సరే అంటాడు, తిట్టినా పడతాడు. మేనేజర్ ‘మంచి పనివాడు’ అని రాసుకుంటాడు. అప్పు తీరాక ఇల్లు, చెల్లి పెళ్లి. అప్పుడు లెక్కలు అడగడం మొదలుపెడతాడు. ఓవర్‌టైంలో రెండు గంటలు ఎందుకు తగ్గాయని నా కౌంటర్ దగ్గరికి వస్తాడు. ఆరేడేళ్లు దాటితే పిల్లల చదువు, అమ్మానాన్నల ఆరోగ్యం. ఇంకో మాట కూడా అప్పుడే వస్తుంది... “నాకంటే తర్వాత వచ్చినవాడు ఫోర్‌మన్ అయ్యాడు, నేనెప్పుడు అన్నా?”

మేనేజర్ ఇది చూసి, ‘ముదిరిపోయాడు, నెత్తికెక్కాడు’ అంటాడు. ముదరలేదండీ! భయం తీరింది. మొదటి రెండేళ్లు మీరు చూసినది అతని స్వభావం కాదు, అతని అప్పు.

ముదీర్ కూడా వీసా మీద వచ్చినవాడే

మేనేజర్‌ని మనం చూసే చూపు గురించి కూడా చెప్పాలి. మనకీ ఒక ఎక్స్ సిద్ధాంతం ఉంది. ‘మేనేజరన్నాక దొంగే.’ లీవు ఇస్తే ఏదో ఎత్తు వేస్తున్నాడంటాం. ఇవ్వకపోతే చూశావా అంటాం. మంచిగా మాట్లాడితే మరీ అనుమానం.

ఇక్కడ చాలా కంపెనీల్లో మేనేజర్ కూడా మనలాగే సూట్‌కేసుతో దిగినవాడు. అతనికీ వీసా రెన్యూవల్ ఉంది. పైగా ఫ్యామిలీ వీసా, పిల్లల స్కూలు ఫీజు, ఫ్లాటు అద్దె. యజమాని నెలాఖరుకి అడిగేది ఒకటే ప్రశ్న... ఖర్చు ఎంత తగ్గింది? అందుకని ఓవర్‌టైం షీటు మీద ఎర్రపెన్ను పడుతుంది. అది సమర్థించడానికి చెప్పడం లేదు. కోసిన రెండు గంటలు కోసినవే, అవి ఎవరి కష్టమో వాళ్లకివ్వాల్సిందే. అయితే ఆ పెన్నుని నడిపించేది చాలాసార్లు కోపం కాదు, అతని భయం.

అలాగని మెతకవాడు మంచి మేనేజరా అంటే, అదీ కాదు. మెక్లెలాండ్ 1976లో డేవిడ్ బర్న్‌హామ్‌తో కలిసి మేనేజర్ల మీద ఒక వ్యాసం రాశాడు. అందరికీ ఇష్టుడిగా ఉండాలనుకునే మేనేజర్ కింద మనుషులు సుఖంగా లేరని తేలింది. ఎందుకంటే అతను అడిగిన ప్రతివాడికీ రూలు సడలిస్తాడు, అడగనివాడికి అన్యాయం జరుగుతుంది. నలుగురి మీద ప్రభావం చూపాలనే కోరిక బాగా ఉండి, దాన్ని తన గొప్పకి కాక సంస్థ కోసం అదుపుగా వాడేవాడే నయమని రాశారు. గల్ఫ్‌లో మనకిది అనుభవమే! ముదీర్‌తో కలిసి చాయ్ తాగేవాడికి వారంలో లీవు, నోరులేని వాడికి ‘బుక్రా, బుక్రా.’

జామీను కాగితం

కొన్ని కంపెనీల్లో ఊరెళ్లేవాడు తిరిగొస్తాడని ఇద్దరు తోటివాళ్లు జామీను సంతకం పెట్టాలి. రాకపోతే వాళ్ల జీతంలో కోత. ఇది చట్టం అడిగిన కాగితం కాదు, అపనమ్మకం రాయించుకున్న కాగితం.

పైన చెప్పిన కంపెనీలోనే ఒక జగిత్యాల తమ్ముడికి తండ్రి ఆస్పత్రిలో ఉన్నాడని ఫోనొచ్చింది. ఎమర్జెన్సీ లీవు అడిగాడు. ముదీర్, “వీడు వెళ్తే రాడు” అన్నాడు. ఆరేళ్ల సర్వీసు, రెండుసార్లు వెళ్లి రెండుసార్లూ తేదీకే వచ్చినవాడు. అయినా ఇద్దరు జామీను ఉండాల్సిందేనన్నాడు. మనుషులు దొరికి, సంతకాలు పూర్తయ్యేసరికి నాలుగు రోజులు పట్టింది. అతను ఇల్లు చేరేసరికి తండ్రి పోయాడు.

అతను మళ్లీ రాలేదు. జామీను పెట్టిన ఇద్దరి జీతంలో ఐదు నెలలు కోత పడింది. “నేను ముందే చెప్పానా?” అన్నాడు ముదీర్. ఆఫీసులో చాలామంది తలూపారు. అతను మాత్రం కోత పడిన డబ్బు ఆ ఇద్దరి ఇళ్లకీ ఊరి నుంచే విడతలుగా పంపించాడని తర్వాత వాళ్లే చెప్పారు. స్నేహితులకి బాకీపడ్డాడు, తీర్చాడు. కంపెనీకి బాకీ లేననుకున్నాడు.

గేటు తీస్తే ఏమైంది?

బహ్రెయిన్‌లో కార్మిక మార్కెట్ నియంత్రణ సంస్థ, అంటే మనం ఎల్‌ఎంఆర్‌ఏ అనేది, 2006లో ఏర్పడింది. 2009 ఆగస్టు నుంచి యజమాని ఒప్పుకోకపోయినా నోటీసిచ్చి వేరే కంపెనీకి మారే వీలు కల్పించారు. అప్పటి కార్మిక మంత్రి మజీద్ అల్ అలావీ స్పాన్సర్‌షిప్ పద్ధతిని బానిసత్వంతో పోల్చడం అప్పట్లో పెద్ద సంచలనం. కంపెనీలవాళ్లు గగ్గోలు పెట్టారు, మనుషులంతా పారిపోతారన్నారు. 2011లో ముందు ఏడాది ఒకేచోట చేయాలని షరతు చేర్చారు.

నిజంగా పారిపోతారా? దుబాయి, అబుదాబి వైపు ఇలాంటి మార్పే 2011 జనవరిలో వచ్చింది. కాంట్రాక్టు అయిపోయినవాడు పాత యజమాని అనుమతి లేకుండా మారొచ్చన్నారు. సురేశ్ నాయుడు, యా న్యార్కో, షింగ్-యీ వాంగ్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు లక్షలాది జీతాల లెక్కలు తీసి చూసి 2016లో ఫలితం ప్రచురించారు. కాంట్రాక్టు పూర్తయినవాళ్ల జీతం 10 శాతం పైనే పెరిగింది. ఇంకా విచిత్రం, అదే కంపెనీలో ఉండిపోయేవాళ్లు తగ్గలేదు, పెరిగారు! విసిగి ఇంటికి పోయేవాళ్లు తగ్గడం వల్ల. గేటు తీశాక యజమాని జీతం పెంచి అడగాల్సి వచ్చింది, అడిగితే మనిషి ఉండిపోయాడు.

మన దగ్గర కూడా పగ్గాలు ఒక్కొక్కటిగా మేనేజర్ చేతిలోంచి జారుతున్నాయి. సర్వీసు డబ్బు సంగతి తీసుకోండి. మొదటి మూడేళ్లకి ఏడాదికి సగం నెల జీతం, ఆపైన ఏడాదికో నెల జీతం అని 2012 నాటి 36వ నంబరు కార్మిక చట్టంలో ఉంది. ఇదివరకు అది వెళ్లేరోజున కంపెనీ చేతిలోంచి రావాలి. ‘గొడవ చేస్తే ఇండెమ్నిటీ చూసుకుంటా’ అనే బెదిరింపు అందుకే పనిచేసేది. 2024 మార్చి నుంచి కంపెనీ ఆ సొమ్ముని నెలనెలా సోషల్ ఇన్సూరెన్స్ సంస్థకి కట్టాలి. మొదటి మూడేళ్లు జీతంలో 4.2 శాతం, తర్వాత 8.4 శాతం. అప్పటి నుంచి జమయ్యే డబ్బు వెళ్లేరోజున ఆ సంస్థ దగ్గర్నించే వస్తుంది.

బెదిరించే వీలు తగ్గినచోట మేనేజర్ రెండు రకాలుగా మారుతున్నాడు. ఒకరు ఇంకో తాళం వెతుకుతున్నారు. పాస్‌పోర్టు ‘భద్రంగా’ దాచిపెట్టడం ఇంకా అక్కడక్కడా ఉంది, అది చట్టం ఒప్పుకోని పని అయినా. ఇంకొకరు మొదటిసారిగా తలెత్తి, ‘నువ్వెందుకు ఉంటావు, ఏముంటే ఉంటావు?’ అని అడుగుతున్నారు.

ఇప్పుడు నేనున్న కంపెనీలోనూ జామీను ఫారం ఉంది. పోయిన వారం ఒక నిజామాబాద్ కుర్రాడు చెల్లి పెళ్లికి లీవు పెట్టాడు. ఒక సంతకం దొరికింది, రెండోది దొరకలేదు. కొత్త ముదీర్ ఫారం చూసి, “ఇంతకుముందు ఎప్పుడైనా ఆలస్యంగా వచ్చాడా?” అని నన్నడిగాడు. ఫైలు తీసి చూపించాను. ఒక్కరోజు కూడా లేదు. ఆయన కాసేపు ఆలోచించి ఫారం పక్కన పెట్టాడు. ఆదివారం చెబుతానన్నాడు. టికెట్టు బుధవారానికి ఉంది.